ఆరు చీరలు - నాలుగు జాకెట్లు

ఉద్యోగానికి వెళ్లే తల్లికి పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఆలోచించే తీరిక ఎక్కడిది? క్యారేజీలు కట్టాలి, పిల్లకి జడ వెయ్యాలి, బస్సు అందుకోవాలి. అందుకే నేను ఆఫీసుకని 6 చీరలు వేరే అరలో పెట్టుకున్నాను. 3 మంగళగిరి నూలువి, ఒకటి పోచంపల్లి, వానాకాలానికి 2 సింథటిక్‌వి. జాకెట్లు నాలుగే. టూ బై టూ గుడ్డలో నలుపు, మెరూన్, గోధుమరంగు; ఇంకోటి కలంకారీ. ప్రతి చీరకీ వాటిలో ఏదో ఒకటి నప్పుతుంది.

కొత్త నూలు చీరని మొదటిసారి కల్లుప్పు వేసిన నీళ్లలో విడిగా జాడించండి. గంజి, ఇస్త్రీ ఆదివారమే ముగించేస్తే వారమంతా నిశ్చింత. సింథటిక్ చీర మాత్రం వంట పూర్తయ్యాకే కట్టుకోవాలి సుమా! నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది.

"వెళ్లేది ఆఫీసుకా, పేరంటానికా?" అని మా అత్తగారు నవ్వుతూనే దెప్పుతారు. ఫీజుల నెల వస్తే ముందు కోత పడేదీ మన చీరల ఖర్చుకే. కానీ నలుగురిలో లేచి మాట్లాడేటప్పుడు చెంగు జారుతుందేమో, కుచ్చిళ్లు నలిగాయేమో అన్న బెంగ లేకపోతే మాట తడబడదు. ఆ ధైర్యం కోసం ఏడాదికి 2 మంచి చీరలు కొనుక్కోవడం షోకు కాదు, అవసరం. ఏమంటారు?