పనస బాడీ, మేపుల్ మెడ

ప్లస్ టూ అయ్యాక పిల్లలు కువైట్ వదిలి వెళ్ళడం ఇక్కడున్న మన ఇళ్ళల్లో మామూలే. మా అమ్మాయికి గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లల కోటాలో కాలికట్ ఎన్.ఐ.టి.లో సీటు వచ్చింది. తనకో ఎలక్ట్రిక్ గిటార్ చేయించి పంపాలని రెండేళ్ళుగా డబ్బు పక్కన పెడుతూ వచ్చాం. దుకాణంలో కొనడం కాదు, తన చేతికి సరిపోయేలా చేయించడం. బెంగళూరులో చిన్న వర్క్‌షాప్ నడిపే ఒకాయన ఫారం పంపించారు. మొదటి పేజీ అంతా చెక్కలే. బాడీకి మహాగనీయా, ఆల్డరా, యాషా? పైన మేపుల్ పలక వేయాలా? మెడకు ఏది? వేళ్ళు నొక్కే ఫ్రెట్‌బోర్డుకు రోజ్‌వుడ్డా, ఎబొనీయా? ఒక్కో టిక్కుకీ ధర మారిపోతోంది. అన్నీ మంచివే పెడితే నాలుగు వందల దినార్లు దాటుతుంది.

మావారు ఇంటర్నెట్‌లో చదివి మహాగనీ మీద మేపుల్ పలక అన్నారు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గిటార్‌ది ఆ జోడీయే. మహాగనీ గంభీరంగా పలుకుతుందనీ, మేపుల్ దానికి మెరుపు తెస్తుందనీ చెబుతారు. రేపు అమ్మినా ధర పలుకుతుందనేది ఆయన అసలు పాయింటు. అమ్మాయి ఫారమంతా చూసి, "ఇందులో పనస లేదేంటమ్మా?" అంది.

ఆ ప్రశ్న నావల్ల వచ్చిందే. మాది బొబ్బిలి వైపు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. నా వీణ అక్కడిదే, ఒకే పనస మొద్దును తొలిచి చేసిన ఏకాండి వీణ. పెళ్ళయి ఇక్కడికి వచ్చేటప్పుడు అంత పొడవైనదాన్ని, అంత బరువైనదాన్ని విమానంలో ఎలా తేవాలో తెలియక అన్నయ్య ఇంట్లో ఉంచాం. అది ఇప్పటికీ అక్కడే ఉంది. బరువు సంగతి అటుంచి, వీణకు ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి కదా. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. ఎండలో నిలిపిన కారులో మైనం సంగతి ఊహించుకోండి.

వీణలో అయితే చెక్కే గొంతు. తీగ కంపనం గుర్రం మీదుగా కుండ మీది పలకకు చేరి, లోపలి బోలులో నిండి మన చెవికి వస్తుంది. పనస మొద్దు ఎంత బాగా ఆరింది, గోడ ఎంత పల్చగా చెక్కారు అన్నదాని మీదే నాదమంతా ఆధారపడుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ కథ వేరు. దానికి బోలు ఉండదు, గట్టి చెక్క. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. అయస్కాంతానికి పట్టేది తీగ కదలిక ఒక్కటే, కింద ఉన్నది పనసా మహాగనీయా దానికి తెలియదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిది కూడా ఎలక్ట్రిక్ వాయిద్యమే. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకుని, ఆ చిన్న చెక్క మీద ఆయన పలికించిన గమకాలు వింటూ పెరిగినవాళ్ళం మనం. ఆయన వాయిద్యం ఏ చెక్కదని ఎప్పుడైనా అడిగామా?

అయితే చెక్కకు అసలు పనే లేదా అంటే, గిటార్ వాయించేవాళ్ళలో ఇది తెగని పంచాయితీ. 1930ల మొదట్లో వచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ల బాడీ అల్యూమినియంతో పోతపోసినది. ఆకారాన్ని బట్టి దానికి పెనం అని ముద్దుపేరు పెట్టారు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మొదట యాష్‌తో చేసి, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్‌కు మారారు. దొరకడం, రంగు పట్టడం తేలికని. అంటే ఇప్పుడు మనం మంత్రాల్లా చదివే చెక్కల పేర్ల వెనక సగం కలప అడితి లెక్కలే. జిమ్ లిల్ అనే సంగీతకారుడు అసలు గిటారే లేకుండా రెండు బల్లల మధ్య తీగలు కట్టి వాయించి చూపిస్తే, మామూలు గిటార్‌తో తేడా పట్టుకోవడం కష్టమైంది. ఆ వీడియో మావారికి చూపించాను. రెండుసార్లు చూసి, "అయినా మహాగనీ మహాగనీయే" అన్నారు.

నా లెక్క ఏమిటంటే, చెక్క నిజంగా పనిచేసేది మెడలో. తీగల లాగుడంతా భరించేది అదే. అది కాస్త వంగినా తీగలు ఎత్తుగా లేచి వేళ్ళు నొప్పి పుడతాయి, లేదా ఫ్రెట్లకు తగిలి బరబరమంటాయి. లోపల ఉక్కు కడ్డీ వేసి, తాళంచెవిలాంటి దానితో సరిచేసే ఏర్పాటు ఉంటుంది కానీ దానికీ హద్దుంది. చెక్క పొడి గాలిలో అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. మా ఇంట్లో ఏసీ ఏడాదిలో ఎనిమిది నెలలు ఆగదు. అమ్మాయి స్కూల్లో వాడిన చవక గిటార్‌కు మొదటి వేసవిలోనే ఫ్రెట్‌బోర్డు కుంచించుకుని, ఫ్రెట్ల కొనలు పక్కలకు పొడుచుకొచ్చాయి. చెయ్యి జరిపితే గీరుకునేది. హవల్లీలో గిటార్లు బాగుచేసే ఫిలిప్పీన్స్ అబ్బాయి ఆకురాయి పట్టి నునుపు చేసి, ఇక్కడ ప్రతి వేసవీ తనకిదే పని అన్నాడు.

ఇప్పుడు ఈ గిటార్ బెంగళూరులో పుట్టి, కాలికట్ వానల్లో హాస్టల్ గదిలో ఉండి, సెలవులకు కువైట్ ఎడారి గాలికి రావాలి. ఆ మెడను ఊహిస్తే నాకే జాలేసింది. అందుకే డబ్బు అక్కడ పెడదామన్నాను. ఓవెన్‌లో వేడిచేసిన మేపుల్ దొరుకుతుంది, రోస్టెడ్ అంటారు. ముందే వేడిచేయడం వల్ల తేమను మామూలు చెక్కంతగా పీల్చుకోదు, కాబట్టి కదలిక తక్కువ. ఫ్రెట్‌బోర్డుకు మన రోజ్‌వుడ్, అదే జిట్రేగి. 2017లో దాని మీద అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినప్పుడు వాయిద్యంతో సరిహద్దు దాటాలంటే కాగితాల బెంగ ఉండేది. 2019 చివరి నుంచి తయారైన వాయిద్యాలను మినహాయించారు.

ఇదంతా ఒక శుక్రవారం మధ్యాహ్నం స్నేహితురాలితో చెబుతుంటే, ఆమెది రాజంపేట, "ఏమక్కా, మా ఎర్రచందనం పెట్టించరాదా?" అని నవ్వింది. నవ్వులాటకే అన్నా, ఆ మాటలో నిజముంది. జపాన్ వాళ్ళ శామిసెన్ వాయిద్యానికి మేలురకం మెడ ఎర్రచందనంతోనే చేస్తారు. నీళ్ళలో మునిగేంత చిక్కని చెక్క అది. అయితే శేషాచలం చెట్టుతో గిటార్ చేయించి ఎయిర్‌పోర్టులో నిలబడే ధైర్యం మాకు లేదు.

టేకు మాటా వచ్చింది. సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ బయట 1938లో కట్టిన ఫతే అల్ ఖైర్ ఓడ ఉంది కదా, పిల్లల్ని తీసుకుని అందరం వెళ్ళే చోటే. ఈ దేశం నాణేల మీద ఉన్న బొమ్మ కూడా ఆ రకం ఓడదే. చమురుకు ముందు కువైట్ ఓడలకు టేకు మన మలబారు తీరం నుంచే వచ్చేది. ఆ చెక్క దిగిన కాలికట్‌కే ఇక్కడి నుంచి మా పిల్ల చదువుకు పోతోంది. అమ్మాయికి ఆ ముచ్చట నచ్చి టేకు అడిగింది. టేకులో నూనె ఎక్కువ, జిగురు పట్టించడం కష్టం, పైగా బరువు అని బెంగళూరు ఆయన వద్దన్నారు.

మిగిలింది పనస. నేనే అడ్డం చెప్పాను. వీణకు పనస ఎందుకో నాకు తెలుసు, గట్టి బాడీలో ఆ గుణం వినపడదు, ఊరికే పేరుకోసం ఎందుకని. అమ్మాయి నా మాటే నాకు అప్పజెప్పింది. "బాడీ ఏదైనా ఒకటే అన్నావుగా. అలాంటప్పుడు మనకిష్టమైంది పెట్టుకుంటే పోయేదేముంది? నీ వీణ ఎలాగూ నా వెంట రాదు."

మావారు అప్పటికి మహాగనీ మాట ఎత్తడం మానేశారు.

బెంగళూరు ఆయనను అడిగితే, బాగా ఆరిన పనస పలక తన దగ్గర ఉందన్నారు, ఇంటి దూలంగా ఉండి విప్పింది. మహాగనీకన్నా ధర తక్కువే. బరువు తగ్గడానికి బాడీ లోపల రెండు గదులు తొలుస్తానన్నారు. లెస్ పాల్ రకం గిటార్లు నాలుగు కిలోలు దాటుతాయి. గంటసేపు భుజానికి తగిలించుకుంటే మెడా వెన్నూ ఏమవుతాయో బిడ్డనెత్తుకుని నిలబడ్డ మనకు ఒకరు చెప్పాలా? మూడున్నర కిలోలు దాటకూడదని ఫారంలో రాయించాను. తొలుస్తానంటే నాకు గొల్లపల్లి గుర్తొచ్చింది గానీ ఆయనతో అనలేదు.

అడ్వాన్సు పంపాం. మెడకు చెక్క కోసి కొన్ని వారాలు అలాగే వదిలేస్తారట. ఏమైనా మెలి తిరిగేదుంటే అప్పుడే తిరగాలి, ఆ తర్వాతే ఫ్రెట్లు. దసరా సెలవులనాటికి నేరుగా హాస్టల్‌కే పంపిస్తామన్నారు. ఈలోగా రంగు చెప్పమన్నారు. పనస కొత్తలో పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ తేనెరంగులోకి దిగుతుంది, పైన పల్చటి పాలిష్ చాలు అంటాన్నేను. అమ్మాయికి నలుపు కావాలట.