కబురు చెప్పే పిల్లలేరీ?

రాత్రి తొమ్మిదయిందంటే చాలు, మా ఇంట్లో సెల్‌ఫోను టింగు టింగుమంటూ ఉంటుంది. చుట్టాలో స్నేహితులో అనుకునేరు... కాదు, మూడో తరగతి చదువుతున్న మావాడి క్లాసు వాట్సప్ గ్రూపు! రేపు పచ్చరంగు బట్టలేసి పంపాలట. పదహారో పేజీలో లెక్కలు చేయించాలట. దానికింద వరసగా దండాలు, 'ఓకే మేడమ్'లు. ఈలోగా ఎవరో ఒకరు 'ఇంతకీ హోంవర్కు ఏంటండీ?' అంటూ మళ్లీ మొదటికొస్తారు. మావాణ్ని అడిగితే 'గ్రూపులో చూడమ్మా' అంటాడు. క్లాసులో కూర్చున్నది వాడు, హోంవర్కు తెలిసేది నాకు!

ఈ గోడు మా అక్క దగ్గర వెళ్లబోసుకున్నాను. తను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. డీఎస్సీ రాసి ఉద్యోగంలో చేరి పదిహేనేళ్లు దాటింది. 'నీకు హోంవర్కే కనిపిస్తోంది. నాకింకా చాలా కనిపిస్తున్నాయే' అంది.

అక్కకి టెక్నాలజీ అంటే గిట్టదేమో అనుకోకండి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక ఫోనులోనే పాఠాలు చెప్పింది. దూరదర్శన్‌లో... ఆంధ్రాలో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి ఛానళ్లలో పాఠాలొచ్చిన రోజులవి. ఏ పాఠం ఎన్నింటికి వస్తుందో పిల్లలకు చెప్పడానికే వాళ్ల క్లాసు గ్రూపు పుట్టింది. 'ఆ ఏడాది ఫోను లేకపోతే బడి ఒకటుందన్న సంగతే పిల్లలు మర్చిపోయేవాళ్లు' అంటుంది.

ఇప్పుడు వాళ్ల క్లాసులో పెద్ద డిజిటల్ తెర ఉంది. దానిమీద జియోజీబ్రా సాయంతో అర్ధవృత్తం, అందులో కోణం గీస్తుంది. వృత్తం అంచు మీది చుక్కను వేలితో అటూ ఇటూ జరుపుతుంది. చుక్క ఎక్కడికెళ్లినా కోణం మాత్రం 90 డిగ్రీలే! 'నల్లబల్ల మీద పది బొమ్మలు గీసినా నమ్మనివాళ్లు దీన్ని చూసి నోరు తెరుస్తారు. ఇలాంటి తెర వద్దని నేనెందుకంటాను?' అంటుంది.

మరి పేచీ ఎక్కడ? ఆ గ్రూపుతోనే. కరోనా పోయింది, బడులు తెరిచారు. గ్రూపు మాత్రం ఉండిపోయింది. పరీక్షల తేదీలు, సెలవులు, హోంవర్కు, తల్లిదండ్రుల సమావేశం... అన్నీ అందులోకే చేరాయి.

అక్క క్లాసులో ఒకబ్బాయి వరసగా మూడు రోజులు హోంవర్కు చేయకుండా వచ్చాడట. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. అది వాళ్ల నాన్న దగ్గరుంటుంది. ఆయన ఆటో నడుపుతాడు, ఇల్లు చేరేసరికి పదకొండు. అప్పటికి పిల్లాడు నిద్రలో ఉంటాడు. 'గ్రూపులో పెట్టేశాం, మన పనయిపోయిందనుకుంటాం. అవతల చూసేవాళ్లున్నారా లేదా అన్నది ఆలోచించం' అంటుంది అక్క.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. ఓసారి తొమ్మిదో తరగతి లెక్కల మార్కుల జాబితాను ఎవరో గ్రూపులో పెట్టారు. పేరు, పక్కనే మార్కులు. ఇదివరకైతే ఆ సంగతి పిల్లకీ, టీచరుకీ, ఇంట్లోవాళ్లకీ తెలిసేది. ఆ సాయంత్రం వీధి వీధంతా తెలిసిపోయింది. అందరికన్నా తక్కువొచ్చిన అమ్మాయి నాలుగు రోజులు బడికి రాలేదు. అక్క వాళ్లింటికి వెళ్తే, 'దీనికి చదువు రాదని ఊరంతా చెప్పుకుంటున్నారు టీచరమ్మా, మిషను నేర్పిద్దామనుకుంటున్నాం' అందట తల్లి. తెలుగులో ఆ పిల్ల క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటుంది. ఆ జాబితాలో అది లేదుగా! మరో రెండుసార్లు వెళ్లి నచ్చజెప్పాక గానీ పిల్ల తిరిగి రాలేదు.

పిల్లలూ ఫోన్లూ అనగానే మనం రీల్స్ గురించే మాట్లాడుకుంటాం. తప్పేం లేదు. పల్లెల్లో చేసిన 2024 'అసర్' సర్వే ప్రకారం 14-16 ఏళ్లవాళ్లలో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకోసం వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకోసం వాడినవాళ్లు 76 శాతం. ఆస్ట్రేలియాలో అయితే పదహారేళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. 'పిల్లల ఖాతాలకు చట్టం చేయొచ్చు. పెద్దవాళ్లం మనం నడిపే గ్రూపులో పిల్లల పరువు పోతుంటే ఆపాల్సిందెవరు?' అన్నది అక్క ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

తను మాత్రం తన క్లాసు వరకూ కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. మార్కులు గ్రూపులో పెట్టదు. ఎవరివి వాళ్లకే, పేపరు మీద రాసి చేతికిస్తుంది. వానలకి బడి సెలవులాంటి తొందర కబుర్లకే గ్రూపు. హోంవర్కు ఆఖరి గంట కొట్టేలోపు పిల్లలే పుస్తకంలో రాసుకోవాలి. ఇక సమావేశాల్లాంటివి ఇంటికెళ్లి వాళ్లే చెప్పాలి. చెప్పి ఊరుకుంటే కాదు, ఇంట్లోవాళ్లు ఏమన్నారో మర్నాడు రాసుకురావాలి.

మొదట్లో తల్లిదండ్రులే ఒప్పుకోలేదట. 'మెసేజ్ పెడితే పోయేదానికి ఇదంతా ఎందుకండీ' అన్నారట. పిల్లలు సగం మర్చిపోయేవాళ్లు, సగం తప్పు చెప్పేవాళ్లు. అయినా అక్క వదల్లేదు. 'విన్నమాట గుర్తుపెట్టుకోవడం, ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడం, వాళ్ల జవాబు మోసుకురావడం... ఇదీ చదువేనే. మెసేజ్ పెట్టి మనం దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకున్నాం' అంది.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు ఆ ఆటో నడిపే ఆయన కొడుకు రాసుకొచ్చింది చూపించింది. 'శనివారం బేరాలుంటాయి, సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు మా నాన్న. లెక్కలు బాగా చేస్తున్నావా అని అడిగాడు. చేస్తున్నానని చెప్పాను' అని ఉంది. అదే సమావేశం సంగతి గ్రూపులో పెడితే ఆయన్నుంచి వచ్చేది బొటనవేలి బొమ్మ ఒక్కటే. కొడుకుని ఆ మాట అడిగేవాడో లేదో!