జీన్స్ మీద సీతాకోక చేతులు

ఫిలిప్పీన్స్ ఆడవాళ్ల సంప్రదాయ గౌను ఎప్పుడైనా చూశారా? అందాల పోటీల్లోనో, అక్కడి అధ్యక్షుడు ఏటా పార్లమెంటులో ప్రసంగించే రోజునో కనిపిస్తుంది. దాని పేరు టెర్నో. భుజాల దగ్గర చేతులు సీతాకోకచిలుక రెక్కల్లా గట్టిగా పైకి లేచి ఉంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ అది వేసుకుని రద్దీగా ఉన్న జీప్నీ ఎక్కితే, పక్కవాళ్ల మొహానికి తగలడం ఖాయం!

నాకు ఈ ఆసక్తి ఆఫీసు కాల్స్‌లో పుట్టింది. మా ప్రాజెక్టులో సగం టీమ్ మనీలాలోనే ఉంటుంది. అందులో ఒకమ్మాయి ఓ సోమవారం మీటింగ్‌కి టీషర్టు మీద పొట్టి జాకెట్ వేసుకొచ్చింది. దానికీ అవే రెక్కల చేతులు, కాకపోతే కాస్త చిన్నవి. దాన్ని బొలేరో అంటారట. జీన్స్ మీదకీ బాగుంటుందట. "ఏంటి, ఇవాళ పండగా?" అని అడిగితే, "కాదు, ఏసీ చలి" అంది. అందరం నవ్వేశాం. వాళ్లమ్మకి మాత్రం ఇది అస్సలు నచ్చలేదట. పెళ్లికి వేసుకునేది రోజూ ఆఫీసుకి వేసుకుంటే ఇక దాని విలువేముంటుందని ఆవిడ బాధ.

ఆ బాధ నాకు అర్థమైంది. మన ఇళ్లలోనూ వినే మాటే కదా. కానీ ఆ దుస్తుల చరిత్ర చదివితే తెలిసిందేంటంటే, టెర్నో కూడా ఒకప్పటి మోడర్న్ డ్రెస్సే. అంతకుముందున్నది బారోట్ సాయా. బారో అంటే రవిక లాంటి పైచొక్కా, సాయా అంటే పొడవాటి లంగా. లంగా మీద చుట్టుకునే బట్ట ఒకటి, భుజాల మీద కండువా ఒకటి. మొత్తం నాలుగు. 1940ల మొదట్లో రామోన్ వలేరా అనే డిజైనర్ ఈ నాలుగింటినీ ఒకే గౌనుగా మార్చాడు. ఆయన పోయాక, 2006లో దేశం ఆయన్ని నేషనల్ ఆర్టిస్ట్‌గా గౌరవించింది.

తర్వాత ఇంకో చిక్కొచ్చింది. నియంత మార్కోస్ భార్య ఇమెల్డా టెర్నోని తన గుర్తుగా చేసేసుకుంది. 1986లో జనం తిరగబడి వాళ్లని దేశం దాటించాక, ఆ చేతులు చూస్తే చాలామందికి ఆవిడే గుర్తొచ్చేది. అలా వెనకబడిన టెర్నోని ముందుకు తేవడానికి 2018లో టెర్నోకాన్ మొదలైంది. కొత్త డిజైనర్లకి ఆ చేతులు కుట్టడం నేర్పి, పోటీ పెడతారు.

కాబట్టి చేతులు చిన్నవైనంత మాత్రాన సంప్రదాయం పోదు. నా భయమల్లా బట్ట గురించే. మేలైన టెర్నోలకి పిన్యా వాడతారు. అది అనాస ఆకుల నారతో నేసే బట్ట. అక్లాన్ ప్రాంతంలో పగిలిన పింగాణీ ముక్కతో, కొబ్బరి చిప్పతో ఆకుని గీకి నార తీస్తారు. ఒక్కో పోగునీ చేత్తో ముడేసి, మగ్గం మీద నేస్తారు. 2023లో యునెస్కో ఈ నేతను తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత పని ఉంటే ధర కూడా అలాగే ఉంటుంది. చౌకగా దొరికే బొలేరోల్లో పాలిస్టర్‌వే ఎక్కువ. అవి ఎన్ని అమ్ముడైనా అక్లాన్ నేతగాళ్లకి పైసా రాదు. పోచంపల్లి డిజైన్ ప్రింట్ చేసిన చీర కొంటే పోచంపల్లి మగ్గానికి ఏమొస్తుంది? ఇదీ అంతే.

అలాగని రోజూ పిన్యా వేసుకోమనలేం. మా టీమ్ అమ్మాయి పద్ధతి నాకు నచ్చింది. ఆఫీసుకి సులువుగా ఉతుక్కునే కాటన్ బొలేరో. పెళ్లికి మాత్రం అసలైన పిన్యానే కొనాలని ఇప్పట్నుంచే నెలనెలా డబ్బు దాస్తోంది. రోజూ వేసుకోబట్టే ఆ చేతుల మీద అంత ఇష్టం పెరిగిందట. ఈ సంగతి ఇంకా వాళ్లమ్మకి చెప్పలేదు.

మీకూ నచ్చి ఒకటి ఆర్డర్ పెట్టాలనిపిస్తే, సైజ్ చార్ట్ కంటే ముందు ఆ బట్ట ఏంటో, ఎక్కడ నేశారో చూడండి.