గోడ మీద బొమ్మ ఎవరిది?

రిడ్లీ స్కాట్ తీసిన 2012 నాటి సినిమా ‘ప్రొమీథియస్’ మీద వాదన ఇంకా తెగలేదు. ‘ఏలియన్’ సినిమాల్లోని ఆ భయంకర జీవిని తయారుచేసింది డేవిడ్ అనే రోబో అని 2017లో దాని తర్వాతి భాగం ‘కవెనెంట్’ తేల్చేసింది. మరి ‘ప్రొమీథియస్’లో, నల్లద్రవం కుండలున్న గది గోడ మీద, అచ్చం ఏలియన్‌లాంటి శిల్పం ముందే ఎట్లుంది? నేనైతే గోడ పక్షమే: ఏలియన్ డేవిడ్ కంటే ముందే ఉంది.

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఎవరో పేర్చిపెట్టినట్టుండే గుండ్ల కొండలు చూస్తే ‘ఎవరు చేశారు’ అనే ఇట్లాంటి కథలే పుడతాయి. (పేర్చింది ఎవరూ కాదు, పగుళ్లెంట గ్రానైట్ అరిగిందంతే.) బళ్ళారి దగ్గర కప్పగల్లు కొండ మీద కొత్త రాతియుగం వాళ్లు చెక్కిన పొడుగు కొమ్ముల ఎద్దులున్నాయి. అక్కడ కొన్ని గుండ్లను రాయితో కొడితే ఖంగుమని మోగుతాయి. రిడ్లీ స్కాట్ కంట పడితే, ‘ప్రొమీథియస్’లో గుహ బొమ్మల్లాగే, ఆ ఎద్దులనూ నక్షత్రాల మ్యాప్ చేసేసేవాడే! చెక్కింది మాత్రం పశువులు మేపుకున్నోళ్లు. ఆ బొమ్మలకు గ్రహాంతరవాసుల కంటే కంకర క్వారీలతోనే బెడద.