జాంపండు పుట్టిల్లు చూసొచ్చా!

జాంపండు నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. జాంపండు అంటే పండు కాదండోయ్, డాలస్‌లోని నా అపార్ట్‌మెంట్‌లో గాజు తొట్టెలో ఉండే ఆక్సొలాటిల్. ‘మైన్‌క్రాఫ్ట్’ ఆడినవాళ్లకి పరిచయమే. లేత గులాబీ ఒళ్లు, మెడకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. చేప కాదు, సాలమాండర్ జాతి ఉభయచరం. దాని చుట్టాలు చాలావరకు పెద్దయ్యాక మొప్పలు వదిలేసి నేలెక్కేస్తాయి. ఇది మాత్రం జీవితాంతం మొప్పలతో నీళ్లలోనే ఉండిపోతుంది. కాలు తెగితే మళ్లీ మొలిపించుకుంటుంది. అంతటి మొండిఘటం నా చేతిలో పడి నీరసించిపోయింది.

తప్పు నాదే. తొట్టెని నా టేస్ట్‌కి తగ్గట్టు సెట్ చేశా. అడుగున నీలం గులకరాళ్లు, పైన ఎల్ఈడీ లైట్లు, జలపాతంలా నీళ్లు దూకే ఫిల్టర్. వీడియో కాల్‌లో చూసి అమ్మ ‘పెళ్లిపందిరిలా ఉందిరా’ అని మురిసిపోయింది. ఆగస్టు ఎండలకి, ఏసీ ఉన్నా, నీళ్లు 25 డిగ్రీలు దాటాయి. మొప్పలు ముందుకి వంకర తిరిగాయి.

వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “ఇది ఎక్కడిదో తెలుసా?”

“పెట్ షాప్‌లో కొన్నానండీ” అన్నా. ఆవిడ నవ్వలేదు. రాళ్లు తీసెయ్, ఫ్యాన్ పెట్టి నీళ్లు చల్లబరుచు అని పంపించారు. రెండ్రోజులకి ఒక వానపాముని తింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. సెప్టెంబర్ మొదట్లో లాంగ్ వీకెండ్ రాగానే జాంపండుని రూమ్మేట్‌కి అప్పగించి మెక్సికో సిటీ ఫ్లైట్ ఎక్కేశా.

మెట్రో రెండో లైన్‌లో చివరి స్టేషన్ తస్కెన్యా. అక్కడ లైట్ రైలు మారితే నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కోలో దిగుతాం. ఆక్సొలాటిల్ పుట్టిల్లు ఇదే. పక్కనే చాల్కో అని ఇంకో సరస్సు కూడా ఉండేది. దాన్ని ఎప్పుడో ఎండగట్టేశారు. సోచిమిల్కోలో ఇప్పుడు మిగిలింది కాలువలే.

మాది అమలాపురం దగ్గర ఊరు. కాలువ, గట్టు, గట్టు మీద తోట... ఒక్క క్షణం కోనసీమకి వచ్చేశాననిపించింది. కొబ్బరిచెట్ల బదులు నిటారుగా విల్లో చెట్లు, అంతే తేడా. ఇక్కడి మడుల్ని చినాంపాలంటారు. సరస్సులోని బురదని, రెల్లుని పొరలు పొరలుగా పేర్చి పూర్వం మనుషులే కట్టుకున్న పొలాలివి. విల్లో వేళ్లు గట్టు జారకుండా పట్టుకుంటాయి. అజ్టెక్‌ల రోజుల నుంచీ సాగు నడుస్తోంది. 1987లో యునెస్కో వారసత్వ జాబితాకి ఎక్కింది.

రంగుల పడవల్లో పాటలు, పార్టీలు ఒకవైపు. నేను పొద్దున్నే కుమాంకో రేవులో చిన్న పడవ మాట్లాడుకున్నా. పడవాయన పెద్దాయన. నన్ను “హోవెన్” అని పిలిచాడు, మన ‘అబ్బాయ్’ లాగా. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్‌తో మా కబుర్లు. వాళ్ల నాన్న కాలంలో వీటిని పట్టి, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి కాల్చుకు తినేవాళ్లట. ఆయన మాత్రం కాలువలో ఒకటి చూసి ఎన్నేళ్లయిందో గుర్తులేదన్నాడు.

నీళ్లలో చెయ్యి పెట్టా. చల్లగా ఉన్నాయి. మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, దాదాపు మన ఊటీ అంత. అందుకే ఈ జీవికి 16 నుంచి 18 డిగ్రీలు హాయి, 24 దాటితే గండం. నీళ్లలో ఉరవడి లేదు. అడుగున మెత్తటి బురద, వేళ్ల సందుల్లో చీకటి. నేను జలపాతం పెట్టా. కనురెప్పలే లేని జీవి మీద ఎల్ఈడీలు వేశా. నోటితో గబుక్కున పీల్చి మింగేదానికి, కడుపులో ఇరుక్కుపోయే రాళ్లు పరిచా. ఏవి చెయ్యకూడదో అన్నీ చేసి, పైగా ఫోటోలు తీసి పోస్ట్ చేశా.

ఒక చినాంపాలో వీటిని పెంచుతున్నారంటే దిగాం. నీడలో ఒక తొట్టె, నీటిమొక్కలు, మట్టి గొట్టాలు. ఏమీ కనబడలేదు. బయటికి తీసి చూపిస్తారా అని అడిగితే అక్కడి ఆవిడ తల అడ్డంగా ఊపి, నన్నే వంగి చూడమంది. మోకాళ్ల మీద కూర్చున్నా. గొట్టంలో ముదురు గోధుమరంగు మూతి. అసలు రంగు అదే. నా గులాబీది ఇక్కడి కాలువలో ఉంటే కొంగకి టిఫినే. 1864లో ఇక్కడి నుంచి ప్యారిస్‌కి 34 ఆక్సొలాటిల్స్ తీసుకెళ్లారు. వాటిలో ఒకటి తెల్లది. లోకమంతా ల్యాబుల్లో పెరుగుతున్న వాటిలో ఎక్కువ భాగం ఆ గుంపు వంశమే.

పుట్టింట్లో సంగతి వేరు. 1998 సర్వేలో చదరపు కిలోమీటరుకి 6,000 దాకా లెక్కతేలితే, 2014 నాటికి 36 మిగిలాయి. తిండికోసమని తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు గుడ్లని, పిల్లల్ని మింగేశాయి. నగరం మురుగు మిగతా పని కానిచ్చింది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, చినాంపా రైతులు కలిసి కొన్ని కాలువలకి వడపోతలు కట్టి, చేపలు రాకుండా ఆపి, మళ్లీ చోటు చేస్తున్నారు. తిరిగి వస్తూ 50 పెసోల నోటు మారిస్తే దానిమీద ఆక్సొలాటిల్ బొమ్మ! నోటు మీద ఉన్నంత తేలిగ్గా నీళ్లలో కనబడదు.

డాలస్ రాగానే తొట్టె మార్చేశా. 150 లీటర్లది. అడుగున ఏమీ లేదు. నెమ్మదైన స్పాంజ్ ఫిల్టర్, చిల్లర్, రెండు మట్టి గొట్టాలు, నీడకి మొక్కలు. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోయే మందు. మొదటిసారి కొన్నరోజే నీళ్లలో వదిలేశా, టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి తోసినట్టు. దాని వ్యర్థాల్లోని అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఈసారి ఆగా. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే దించా.

మొన్న అమ్మ వీడియో కాల్‌లో “తొట్టె బోసిపోయిందేంట్రా? జాంపండేదీ?” అంది.

“గొట్టంలో పడుకుందమ్మా.”

“లేపి చూపించు.”

లేపలేదు. ఫోనే కిందికి వంచి పట్టుకున్నా.