చక్రములపైని చిన్నయిల్లు

పయనమనగా మన పూర్వులకు గూడుబండియే తెలియును. వెదుళ్లు వంచి, తడికె కప్పి, లోపల వరిగడ్డి పఱచి చిత్తూరునుండి తిరుపతికి పోవుచుండిరి. ఆ బండి కుదిపెడిదే గాని యుక్క పెట్టెడిది కాదు. ముందువెనుకలు తెఱచియుండుటచే గాలి స్వేచ్ఛగా నాడెడిది. నేడు మోటారుబండి వెనుక తగిలించుకొనిపోవు చిన్నయిండ్లు వచ్చినవి. మంచము, పొయ్యి, నీళ్లతొట్టి, శీతలయంత్రము అన్నియు నందే యుండును. చూచుటకు మయసభయే! కాని మయసభలో నేల యేదో నీరేదో యెఱుగక సుయోధనుడు పడినపాటు మనకు తెలియనిది కాదు.

మా మఱది యట్టి బండియిల్లొకటి కొనెను. మా యత్తగారికి ఎనుబదియేండ్లు, మోకాళ్ల నొప్పులు. కాణిపాకము, తిరుపతి, శ్రీకాళహస్తి మఱియొకమాఱు చూడవలెనని యామె కోరిక. సత్రముల మెట్లెక్కి దిగుటకు శక్తి లేదు గనుక, పడక వెంటనుండిన నా కోరిక తీఱునని మా యాశ. వేసవిలో తిరుపతియెండ 40 డిగ్రీలు దాటుట సాధారణమే. యంత్రము హోరున మ్రోగుచున్నను అత్తగారు చెమటతో తడిసి, “అమ్మాయీ, నన్నీ పెట్టెలోనుండి దింపవే!” అనిరి.

“వదినా, ఇంతకంటె పెద్దయంత్రము పెట్టించెదను” అనెను మఱది. బండి కట్టినవారును ఆ మాటయే చెప్పిరి. మావారు మాత్రము, “రోగమెఱుగక మందేల? మొదట పరీక్షింతము” అనిరి.

శీతలయంత్రము చలువను పుట్టింపదు. లోపలి వేడిని వెలుపలికి మోసికొనిపోవును. దాని బలమును టన్నులలో చెప్పుదురు. ఒక టన్ను మంచు ఒక దినమున కరగుటకు ఎంత వేడి కావలయునో, దినమునకంత వేడిని తరలించునది యొక టన్ను యంత్రము. మావారు రెండు ఉష్ణమాపకములు తెచ్చి, ఒకటి యంత్రము గాలిని పీల్చుచోటను, ఒకటి విడుచుచోటను ఉంచిరి. ఈ రెంటి నడుమ 8 మొదలు 11 డిగ్రీలవఱకు భేదమున్నచో యంత్రము సాధారణముగా ఆరోగ్యముతో నున్నదన్నమాట. మా దానిలో భేదము సరిగానే యున్నది. అనగా యంత్రము చల్లబఱచుచునే యున్నది. ఆ చలువ మాకు చేరుటలేదు!

వడపోతజాలిని తీసి చూడగా ధూళి దట్టముగా పేరుకొనియుండెను. దానిని కడిగి యారవేసితిమి. పిదప కప్పులోని మూత విప్పితిమి. పీల్చు గాలికిని విడుచు గాలికిని నడుమ అడ్డుబల్ల యుండవలెను. దాని యంచున రెండువ్రేళ్లు దూఱునంత సందు. చల్లనిగాలి గదిలోనికి రాకమునుపే మరల యంత్రమునందే దూఱుచుండెను. అల్యూమినియపు అంటుపట్టీతో ఆ సందు మూయగానే గాలి బలము మాఱినది.

అయినను మధ్యాహ్నపు టుక్క తీఱలేదు. ఆ రాత్రి లోపల పెద్దదీపము వెలిగించి, మేమందఱము వెలుపల చీకటిలో నిలిచి చూచితిమి. కిటికీల మూలలనుండి, నేలలో గొట్టములు దూర్చిన రంధ్రములనుండి వెలుగు సన్నని గీతలుగా బయటికి వచ్చుచుండెను. వెలుగు వచ్చుదారి గాలికిని, నవంబరు వానలలో నీటికిని దారియే గదా! నీరు చొచ్చిన చెక్కపలకలు క్రుళ్లును. సందులన్నిటిని మూయించి, పైకప్పునకు తెల్లరంగు వేయించి, బండిని చింతచెట్టు నీడను సమముగా నిలిపితిమి. బండి యొకవైపు వ్రాలియున్నచో యంత్రమున చేరిన నీరు బయటికి పోక పడకపై కాఱును.

ఇక ముఖ్యమైన మాట. 2024 డిసెంబరులో కేరళమునందలి వడకరలో, త్రోవప్రక్క నిలిపిన యిట్టి బండిలో ఇరువురు విగతజీవులై కనబడిరి. జనరేటరునుండి వెలువడిన కార్బను మోనాక్సైడు లోపలికి చొచ్చుటయే కారణమని తేలినది. ఆ వాయువునకు రంగులేదు, వాసనలేదు. నిద్రించువానికి మేలుకొలుపు లేదు. కావున నేలలోని రంధ్రము సౌఖ్యమునకు సంబంధించిన లోపము మాత్రమే కాదు. ఎంత యుక్కగా నున్నను బండికడ జనరేటరు నడుచుచుండగా లోపల నిద్రింపరాదు. ఆ వాయువును పసిగట్టి మ్రోగు చిన్నపరికరము అంగళ్లలో దొరకును. పడకదగ్గఱ దాని నమర్చుడు. మేము విద్యుత్తు దొరకు బసలందే రాత్రులు నిలిచితిమి.

అత్తగారు చల్లగా తిరుపతి చేరి, బండిని క్రిందనే యుంచి, బస్సులో కొండనెక్కి స్వామిని చూచి వచ్చిరి. పెద్దయంత్రము కొనవలసిన పనిలేకపోయినది. ఆ సొమ్ము మఱదిచేతనే నిలిచినది.

సోదరీమణులారా, ఇల్లు చక్రములపై నున్నను ఇల్లే. దాని మంచిచెడ్డలు చూచుట ఇల్లాలి పనియే. కొనుటకు పోవునప్పుడు దిండ్ల రంగులు పిదప చూడుడు. మొదట కిటికీమూలలను తడిమి చూడుడు, పడకక్రింది పలక నెత్తి చూడుడు, కప్పుపై నీరు పోయించి లోపల నిలువుడు. అమ్మువాడు నవ్వినను సరియే. మీ పెద్దలును పిల్లలును నిద్రించుచోటు అది. అడుగుటకు మీకు హక్కు కలదు.