పత్తి ఏరిన చేతులు, పిల్లి నాలుక

పోస్టు కొంచెం పొడుగైంది, తీరికగా చదవండి.

మా ఇంట్లో పిల్లి ఉండేది గానీ దాన్ని ఎవ్వరూ ఒళ్లో కూసోబెట్టుకోలేదు. జొన్నల గుమ్మి కాడ ఎలుకలు పట్టుడు దాని పని, ఎప్పుడన్న ఇంత గంజి పోసుడు మా నాయినమ్మ పని. అంతే సంబంధం. అది మనిషిని నాకంగ నేనెప్పుడూ చూడలేదు. పెద్దపల్లి హాస్టల్‌కు వచ్చినంకనే చూసిన. ఇక్కడి పిల్లి వంట అక్క చేతిని వదలదు. చేపల వాసనకని అందరూ అంటరు. "సబ్బుతో కడుక్కున్నా నాకుతది బిడ్డా, మరి దానికేమంటవ్?" అంటది అక్క.

నేను బీఎస్సీ జువాలజీ. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. ఇసొంటివన్నీ నన్నే అడుగుతరు, చదవక తప్పలేదు.

పిల్లి నాలుక మీద సన్నని ముళ్లు ఉంటాయి. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారై, గొంతు దిక్కు వంగి ఉంటాయి. అందుకే అంత గరుకు. 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ వాటిని స్కాన్ చేస్తే, ఒక్కో ముల్లు కొస చిన్న గరిటెలెక్క తొలిచి ఉన్నదట. అందులో ఉమ్మి నింపుకొని చర్మం దాకా తీసుకపోతది. ఆ తడి ఆరితే ఒళ్లు చల్లబడుతది. రామగుండం దిక్కు ఎండలు మనకు తెలిసినవే కదా, మే నెలలో అది ఒళ్లు నాక్కునుడు సోకు కాదు.

ఒంటికి ఏది అంటితే అది కడుపులోకి పోతది. ఫినాయిల్‌తో కడిగిన నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే పిల్లికి విషమే. ఫినాల్‌ను విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి సరిగ్గా లేదు. నేల ఆరేదాకా దాన్ని బయట ఉంచుడు మంచిది.

మనిషిని నాకుడు వేరే కథ. తల్లి పిల్లి నాకితేనే పసికూనలు మూత్రం పోస్తాయి. పెద్దయినంక కూడా కలిసి బతికే పిల్లులు ఒకదాని తల ఒకటి నాక్కుంటాయి. తిండి పెట్టే మనిషిని కూడా అదే లెక్కలో కలుపుకుంటదని చెప్తరు. ఉప్పు రుచి కూడా కొంత ఉండొచ్చు. నాకైతే అక్క మాటే సరి అనిపించింది.

అసలు చెప్పాల్సింది ఇది. దీపావళికి ఇంటికి పోయినోళ్లం పత్తి ఏరి వస్తం. ఎండిన కాయ కొసలకు వేళ్లన్నీ గీసుకపోయి ఉంటాయి. మా రూం తమ్ముడు అట్లనే వచ్చిండు. పిల్లి వచ్చి ఆ వేళ్లనే నాకింది. "నాకనియ్ అన్నా, పుండు మానుతదట" అన్నడు.

మంచి చర్మాన్ని నాకితే భయం లేదు. తెగిన చర్మాన్ని నాకితే మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ రేబిస్ లెక్కల్లో అది మూడో కేటగిరీ, అంటే కాటుతో సమానం. మా పిల్లికి టీకా వేసినోళ్లు లేరు, దాన్ని ఏ కుక్క కరిచిందో చూసినోళ్లూ లేరు. నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, అప్పుడే సర్కారు దవాఖానకు తీస్కపోయిన. గాయాల కాడ సీరం, చెయ్యికి టీకా. మళ్లా 3, 7, 28 రోజులకు రమ్మన్నరు.

ఏడో రోజుకు ముందే వాళ్ల నాయిన ఫోన్ చేసిండు, రెండో ఏరుడుకు మనిషి లేడు, పంపమని. "కాకా, ఆ రోగం మొదలైతే మందు లేదు" అన్న. "నాకినందుకే గింతనా?" అన్నడు. కొంచెంసేపు ఊకున్నడు. "సరే, సూదైనంకనే పంపు" అన్నడు.

ఆఖరి సూది వచ్చే మంగళవారం. నేనే తీస్కపోతున్న. మీ హాస్టల్లో పిల్లి ఉంటే, పత్తి నుంచి వచ్చిన తమ్ముళ్ల, చెల్లెళ్ల చేతులు ఒక్కసారి చూడండి.